మేడ్చల్ ముద్ర కొట్టిన చీటీలు

ఓదెలుకు ముక్కు మీద కోపం అంటారు గానీ, అది అబద్ధం. ముక్కు మీద ఎంత పడుతుంది, ఇంత! ఆయనది ఒంటి నిండా ఉంటుంది. చాయ్‌లో చక్కెర ఎక్కువైనా తిడతాడు, తక్కువైనా తిడతాడు. షామీర్‌పేట రోడ్డు మీద టిప్పర్ దుమ్ము రేపుకుంటూ పక్కనుంచి పోయిందంటే, అది కనుచూపు దాటిపోయాక కూడా దాని డ్రైవర్‌ను వాడి ఏడు తరాలతో సహా కడిగేస్తూనే ఉంటాడు. పిల్లలు ఆయనకు ‘చిటపటల ఓదెలు’ అని పేరు పెట్టారు. ఆ పేరు చెవిన పడితే ఇంకా చిటపటలాడతాడు, అది వేరే సంగతి.

పుట్టింది షామీర్‌పేటలో. చదివింది ఏడో తరగతి. జీడిమెట్లలో మందులకు సరుకు తయారుచేసే ఒక కంపెనీలో పద్దెనిమిదేళ్లు డ్రమ్ములు దొర్లించాడు. ఒక సోమవారం పొద్దున డ్యూటీకి పోతే గేటుకు తాళం, తాళం పక్కన కాగితం. యూనిట్ మూసేశారట! పద్దెనిమిదేళ్లు చాకిరీ చేసిన మనిషికి ఎదురుగా నిలబడి చెప్పడానికి ఒక్కడికి నోరు రాలేదు. ఎక్కడో కూర్చుని ఎవడో రాశాడు, ఇంకెవడో అంటించి పోయాడు. ఓదెలు ఆ కాగితం చింపి, నలిపి, గేటు మీదికే విసిరికొట్టి ఇంటికొచ్చాడు. ఆ రాసినవాడెవడో తెలియకపోయినా పదమూడేళ్లుగా వాణ్ణి తిడుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత ఏడాదికి దొరికింది చదువరి ట్రస్టులో కొలువు. మేడ్చల్‌లో పెద్ద గ్రంథాలయం, దాని కింద పూడూరు, షామీర్‌పేట, అలియాబాద్, లాల్‌గడి మలక్‌పేట్, తుర్కపల్లి, కీసర, తూంకుంటలలో ఒక్కో గది. అన్నీ కలిపి ఎనిమిది. ఒకచోట లేని పుస్తకాన్ని ఇంకోచోటునుంచి మోపెడ్ మీద తెచ్చి ఇవ్వడం ఓదెలు పని. సోమవారం పూడూరు వైపు బయలుదేరి తూంకుంట మీదుగా తిరిగొచ్చేవాడు. గురువారం అదే చుట్టు ఎదురు తిరిగేవాడు. ఎటునుంచి పోయినా అన్నం వేళకు లాల్‌గడి మలక్‌పేట్ చేరేవాడు.

తాను చదివేది తక్కువే. కానీ ఎవరికి ఏం కావాలో ఆయన నోటికి వచ్చు. తుర్కపల్లిలో గౌరయ్య అనే పెద్దాయనకు భూమి చట్టాల పుస్తకాలు కావాలి, ఆయన గట్టు తగాదా ఇరవయ్యేళ్లుగా కోర్టులో నానుతోంది. కీసరలో ఒకావిడ వంటల పుస్తకం తెప్పించుకుని, అందులో తప్పులు పట్టి తిరిగి పంపుతుంది. పూడూరులో ఒక పిల్ల కానిస్టేబుల్ పరీక్షకు చదువుతోంది. వానొస్తే ఓదెలు తన నెత్తి మీది కవరు తీసి పుస్తకాల పెట్టె మీద కప్పేవాడు. పన్నెండేళ్లలో ఒక్క పుస్తకం పోగొట్టలేదు, ఒక్కటి తడవనివ్వలేదు.

లాల్‌గడి మలక్‌పేట్ గది చూసుకునేది షహనాజ్. ఆ ఊరి ఆడపడుచే, ఉర్దూ మీడియంలో పది చదివింది. ఓదెలు రాగానే పెట్టె వరండాలో బోర్లించేవాడు. ఆయన అన్నం తినేలోపు ఆమె పుస్తకాలను ఊరివారీగా సర్దేది. పొద్దున ఎక్కించుకున్నవి సాయంత్రం పోయే ఊళ్లకు, క్రితంసారి సాయంత్రం ఎక్కించుకున్నవి ఈసారి పోయే ఊళ్లకు. చిరిగిన పేజీ కనిపిస్తే మైదాపిండి లై పూసి అంటించేది. చివరి పేజీ మూలన పెన్సిల్‌తో ఏదో గీకేది. అదేమిటని ఓదెలు ఏనాడూ అడగలేదు.

నిజానికి ఈ పని ఇక్కడ జరగకూడదు. ట్రస్టు నియమం ప్రకారం ఏ ఊరి పుస్తకమైనా ముందు మేడ్చల్ పోవాలి, అక్కడ చీటీ రాసి ముద్ర కొట్టాలి, ఆ తర్వాతి వారం చుట్టులో కోరినవాళ్ల ఊరికి పోవాలి. పూడూరు పుస్తకం తుర్కపల్లి చేరాలంటే వారం. ఎల్లుండి పరీక్ష ఉన్న పిల్లకు వారం తర్వాత పుస్తకం ఇస్తే ఏం చేసుకుంటుంది, ఊరగాయ పెట్టుకుంటుందా? అందుకే ఓదెలూ షహనాజూ ఆ నియమాన్ని వరండా మెట్ల కిందే వదిలేశారు.

మరి చీటీలు? దానికీ ఒక ఉపాయం ఉంది. మేడ్చల్ గ్రంథాలయం చూసుకునే భాస్కర్‌కు చీటీ చీటీకీ ముద్ర కొట్టడం విసుగు. శనివారం కూర్చుని రెండు వందల ఖాళీ చీటీల మీద, ‘ఎక్కడినుంచి’ అన్న గడిలో ‘మేడ్చల్’ అని టపటపా ముద్రలు కొట్టి, కట్ట కట్టి ఓదెలు చేతిలో పెట్టేవాడు. ఓదెలు ‘ఎక్కడికి’ అన్న గడి నింపి కింద సంతకం గీకేవాడు. పుస్తకం అలియాబాద్‌ది అయినా, కీసరది అయినా, చీటీలో మాత్రం మేడ్చల్ నుంచే వచ్చేది. పుస్తకం చేరిందా, చేరింది. చీటీ ఎవడు చూడొచ్చాడు?

చూసింది. శృతి చూసింది. యూనివర్సిటీలో పరిశోధన చేసే అమ్మాయి, పాతికేళ్లుంటాయి. ట్రస్టు ఛైర్మన్ కృష్ణారావు ఆమెకు పన్నెండేళ్ల చీటీల మూటలు అప్పగించాడు. ఆమె ఆరు నెలలు కూర్చుని అన్నీ కంప్యూటర్‌కు ఎక్కించింది. జూన్ నెలలో అందరినీ మేడ్చల్ హాలుకు పిలిచి గోడ మీద బొమ్మ చూపించారు. ఎనిమిది చుక్కలు, వాటి మధ్య గీతలు.

“ఏంది బిడ్డా, ముగ్గేసినవా?” అన్నాడు ఓదెలు. హాలంతా నవ్వింది.

శృతి కూడా నవ్వింది. “ముగ్గే అంకుల్. ఒక్కో గ్రంథాలయం ఒక్కో చుక్క. ఒకచోటునుంచి ఇంకోచోటుకు పుస్తకం పోతే గీత. ఎక్కువ పుస్తకాలు పోతే లావు గీత. దీన్ని గ్రాఫ్ థియరీ అంటారు. ఏ చుక్క ఎంత అవసరమో, ఏది తీసేస్తే ఏమవుతుందో లెక్క కట్టొచ్చు.”

బొమ్మలో మేడ్చల్ నడిమధ్యన ఇంత లావున కూర్చుంది. గీతలన్నీ దానిలోనుంచే బయలుదేరాయి. ఒక మూల, వెంట్రుకంత గీతకు వేలాడుతూ ఒక చిన్న చుక్క. అది లాల్‌గడి మలక్‌పేట్.

కృష్ణారావు గొంతు సవరించుకున్నాడు. “చూశారుగా. ఈ ఒక్కటి తీసేసినా మిగతా ఏడింటికి నష్టం లేదని కంప్యూటరే చెప్తోంది. ఒకటో తారీఖునుంచి లాల్‌గడి మలక్‌పేట్ గది మూసేస్తున్నాం. ఎదురుగా ప్లాట్ల వెంచర్ వాళ్లు సైట్ ఆఫీసుకు అడుగుతున్నారు, వాళ్లకిస్తాం.”

షహనాజ్ గోడ మీది ఆ చిన్న చుక్క వైపు చూసింది. ఓదెలుకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

“ఏం లెక్క సారూ గిది! ఎవ్వలు జేసిండ్రు? మూలకు వేలాడుతాందా మా మలక్‌పేట్? ఓ బిడ్డా, నువ్వు ఒక్కనాడన్న ఆడికొచ్చి చూసినవా? ఏసీల కూసోని చుక్కలు పెడితే అయిపాయెనా? నీ చుక్కలు పొయ్యిల వెట్ట!”

శృతి ముఖం ఎర్రబడింది. సంచిలోనుంచి ఒక చీటీల కట్ట తీసి ఆయన ముందు పెట్టింది. “ఇవి నేను రాసినవి కావు అంకుల్. ప్రతి చీటీలో మేడ్చల్ నుంచి అనే ఉంది. కింద సంతకం చూడండి. మీదే.”

ఓదెలు చూశాడు. ఒకటి, రెండు, పది, ఇరవై. అన్నిటి కిందా తన వంకర సంతకం.

గురువారం లాల్‌గడి మలక్‌పేట్ వరండాలో పెట్టె దించితే షహనాజ్ లేచి రాలేదు. నీళ్ల చెంబూ తేలేదు. ఓదెలు అన్నం గిన్నె విప్పి, మూత పెట్టి, మళ్లీ విప్పాడు.

“చెల్లె, భాస్కర్ ముద్ర కొట్టి ఇయ్యవట్టె. నేనేం జేద్దు?”

“కలం నీ చేతులనే ఉండె గద అన్నా!” అంది షహనాజ్. ఆమె గొంతు లేపడం ఓదెలు అంతకుముందు వినలేదు. “పన్నెండేండ్లు నీ పెట్టెలు సదిరిన. నీ బుక్కులకు లై పూసిన. గిన్ని వేల చీటీలు రాసినవ్, ఒక్క చీటిల ‘యాడికెల్లి’ అన్నకాడ నా ఊరి పేరు రాయబుద్ధి గాలేదా? ఆ పిల్లనెందుకు తిట్టినవ్? ఆ పిల్ల నీ రాత సదివింది, గంతే. నా గది తలుపు నువ్వే మూసినవ్!”

తిట్టడమే తెలిసిన మనిషికి తిట్లు తినడం కొత్త. తన వేలితో తన కన్నే పొడుచుకున్నానని అప్పుడు తెలిసింది ఓదెలుకు. జీడిమెట్ల గేటుకు అంటించిన ఆ కాగితం రాసినవాణ్ణి పదమూడేళ్లుగా తిడుతున్నాడు. ఈసారి అలాంటి కాగితమే తాను రాశాడు. ఒకటి కాదు, వేలు. చెంపలు వాయించుకుంటే మాత్రం ఏమొస్తుంది? అయినా టపీటపీమని రెండు వాయించుకున్నాడు.

“ఆపు అన్నా, ఏంది గీ తమాషా!” అని కసురుకుంటూ షహనాజ్ పెట్టెలోని పుస్తకం ఒకటి తీసింది. అలవాటు చొప్పున చివరి పేజీ తిప్పి, మూలన పెన్సిల్‌తో గీకింది. ఓదెలు ఆ వేళ్లవైపే చూశాడు.

“గదేంది? రోజూ గీకుతవ్.”

“గిదా? బుక్కు యాడికెల్లి వచ్చింది, యాడికి వోతాంది, తారీఖు. రేపు బుక్కు మాయమైతే ముందుగాల ఎవ్వల మీద వడ్తరు? భాస్కర్ మీద వడ్తరా? షహనాజ్ మీదనే వడ్తరు. గందుకే నా జాగ్రత్తల నేనున్న. ఎవ్వలు చెరపకుండ ఉర్దూల రాసిన.”

“అన్ని బుక్కులల్ల రాసినవా?”

“నా చేతికొచ్చినవన్నిట్ల. పన్నెండేండ్లసంది.”

ఓదెలు గిన్నె నెట్టేసి లేచాడు. “ఓసి నీ! గిన్ని దినాలసంది నాకెందుకు జెప్పలే?”

“నువ్వు అడిగినవా?” అంది షహనాజ్.

అదే వరండాలోనుంచి శృతికి ఫోన్ చేశాడు. క్షమించమని అడగడం ఆయనకు చేతకాదు. “బిడ్డా, తిట్టిన, తప్పే. నువ్వు సుత ఒక తప్పు జేసినవ్. జల్దీ రా, సూపిస్త” అన్నాడు.

ఆ అమ్మాయి మరునాడే బస్సు దిగింది. షహనాజ్ పెన్సిల్ రాత చదివి వినిపిస్తుంటే, వరండాలోనే కూలబడి ఒక్కో పుస్తకం చివరి పేజీ తిప్పింది. ఒక్కో పేజీలో పది, పదిహేను వరసలు. పూడూరునుంచి కీసరకు. తుర్కపల్లినుంచి అలియాబాద్‌కు. తూంకుంటనుంచి షామీర్‌పేటకు.

“నేను చీటీలే చూశాను” అంది శృతి నెమ్మదిగా. “పుస్తకాలు తెరిచి చూడలేదు.”

“గ్రంథాలయాల మీద గంత పెద్ద సదువు సదివి పుస్తకం తెర్వలేదా! శబాష్!” అన్నాడు ఓదెలు. ఆమె తలవంచుకుంది. ఈసారి ఆయనే మెత్తబడి, “తప్పు నాది పెద్దది, నీది చిన్నది తియ్యి” అన్నాడు.

పదకొండు రోజులు తిరిగారు. మోపెడ్ మీద ముందు పెట్టె, వెనక శృతి, బస్సులో షహనాజ్. ఏడు గదుల్లోనూ అరలు దించి, చివరి పేజీలన్నీ ఫొటోలు తీశారు. షహనాజ్ చదువుతూ పోయింది, శృతి ఎక్కిస్తూ పోయింది. పన్నెండోనాడు వరండాలో ల్యాప్‌టాప్ తెరిచి కొత్త బొమ్మ చూపించింది. ఎనిమిది చుక్కలు అవే. గీతలు మాత్రం వేరు. పూడూరు, షామీర్‌పేట, అలియాబాద్ ఒక వైపు. తుర్కపల్లి, కీసర, తూంకుంట ఇంకో వైపు. అటునుంచి ఇటు పోయే ప్రతి గీతా లాల్‌గడి మలక్‌పేట్ మీదుగానే పోతోంది. మేడ్చల్ పూడూరు పక్కన చిన్నగా ఒదిగి కూర్చుంది, కొత్త పుస్తకాలు వచ్చినప్పుడే దానికి పని.

“ఇప్పుడు చూడండి” అని శృతి లాల్‌గడి మలక్‌పేట్ చుక్కను చెరిపేసింది. బొమ్మ రెండు ముక్కలై చెరోపక్కకు పోయింది. “ఇలాంటి చుక్క తీసేస్తే మొత్తం తెగిపోతుంది. ఎనిమిదింటిలో ఇలా సగానికి సగం విడదీసేది ఇదొక్కటే.”

షహనాజ్ కొంగుతో కళ్లొత్తుకుంది. ఓదెలు మీసం దువ్వుకున్నాడు. కానీ శృతి ల్యాప్‌టాప్ మూయకుండా అట్లాగే చూస్తూ కూర్చుంది.

“అంకుల్, ఇది చూపిస్తే గది నిలబడుతుంది. కానీ పన్నెండేళ్లుగా మీరు రాసిన చీటీలన్నీ తప్పని కూడా తేలిపోతుంది. వాళ్లు మిమ్మల్ని ఊరికే వదలరు.”

“వద్దన్నా” అంది షహనాజ్ వెంటనే. “గది వోతే వోనీ. యాభై ఆరేండ్లొచ్చినయ్ నీకు. ఇగ నీకు కొలువు ఎవ్వలిస్తరు?”

“చుప్!” అని కసిరాడు ఓదెలు. “నా రాతతోటి నీ తలుపు మూసుకపోతాంటే, నేను అన్నం దినుకుంట కూసోవాల్నా? జీడిమెట్లల ఒక్కడు గూడ మా ముందలికొచ్చి ‘నేను రాసిన’ అని చెప్పలే. నేను వోయి జెప్త. నోరుండేదెందుకు?”

ఇంట్లో ఆ కొలువు మీదే పొయ్యి వెలుగుతోంది. ఆ సంగతి ఆయనకు తెలియక కాదు. శనివారం పొద్దున చొక్కా ఇస్త్రీ చేయించుకుని మేడ్చల్ పోయాడు.

కృష్ణారావు కొత్త బొమ్మను చాలాసేపు చూశాడు. ఆయన పక్కనే భాస్కర్ కూర్చుని ఉన్నాడు. శృతి చెప్పాల్సిందంతా చెప్పి, “నా పేరుతో ట్రస్టుకు డబ్బిచ్చే దాతలకు పోయే రిపోర్టు ఇదే సార్. పాతది వెనక్కి తీసుకుంటున్నాను” అంది.

దాతలు అన్న మాట వినేసరికి కృష్ణారావుకు సైట్ ఆఫీసు మీద మోజు చల్లారింది. కానీ మోజు తీరని కోపం ఎక్కడో ఒకచోట పడాలి కదా!

“అయితే ఈ చీటీలు?”

“తప్పుడు చీటీలు సారూ. నేనే రాసిన.”

“పన్నెండేళ్లు ట్రస్టును మోసం చేశావన్నమాట.”

“మోసమా!” ఓదెలు బల్ల మీద చరిచాడు. “ఒక్క బుక్కు వోయిందా? ఒక్కటి తడిసిందా? వారం వట్టే బుక్కును గదే దినం ముట్టజెప్పిన. ముద్ర నా ఇంట్ల లేదు సారూ, గిదే బల్ల మీదున్నది. ఎవ్వలు కొట్టిచ్చిండ్రో జెర ఇటు తిరిగి అడుగుండ్రి!”

భాస్కర్ కిటికీలోనుంచి రోడ్డు మీది బస్సులు చూస్తున్నాడు. పన్నెండేళ్లు శనివారం శనివారం టపటపా కొట్టిన చెయ్యి అది. ఇప్పుడు ఒళ్లో పెట్టుకుని, ఏమీ ఎరగని పసిబిడ్డలా కూర్చున్నాడు. కృష్ణారావు అటువైపు తిరగనే లేదు. ముద్ర కొట్టినవాడికి జీతం, సంతకం పెట్టినవాడికి శిక్ష. ఏ ఆఫీసులోనైనా జరిగేది ఇదే కదా!

“లాల్‌గడి మలక్‌పేట్ గది ఉంటుంది” అన్నాడు కృష్ణారావు. “నువ్వు ఉండవు. సాయంత్రంలోగా మోపెడ్, పెట్టె తెచ్చి అప్పజెప్పు. ఇకమీదట తప్పుడు చీటీ ఒక్కటి కూడా ఈ ట్రస్టులో ఉండకూడదు.”

“సార్, ఈ బొమ్మలో ప్రతి గీతా ఆయన తిరిగిందే” అని శృతి ఏదో చెప్పబోయింది. ఓదెలు చెయ్యెత్తి ఆపాడు.

“వద్దు బిడ్డా. చుక్కను నిలవెట్టిండ్రు, గీతను చెరిపేసిండ్రు. బుక్కులు ఇగ రెక్కలు గట్టుకొని ఎగుర్తయ్ గావొచ్చు, సూద్దాం.”

అక్కడినుంచి నేరుగా లాల్‌గడి మలక్‌పేట్ పోయాడు. పెట్టెలో మిగిలిన పుస్తకాలు వరండాలో దించాడు. షహనాజ్ ఏడుస్తుంటే, “ఏడువకు, పూడూరు పిల్ల బుక్కు మీదున్నది, ముందుగాల దాన్ని తియ్యి” అని కసిరాడు. ఆమె తీసుకొచ్చిన నీళ్లు తాగాడు. ఖాళీ పెట్టె మళ్లీ కట్టుకుని నాలుగింటికి మేడ్చల్ చేరాడు.

మోపెడ్ తాళం కృష్ణారావు బల్ల మీద పెట్టాడు. జేబులో మిగిలిన చీటీల కట్ట తీశాడు. పైనున్న చీటీ కింద కార్బన్ పెట్టి, దాని మీది ‘మేడ్చల్’ ముద్రను అడ్డంగా కొట్టేసి, దాని పక్కన తన వంకర అక్షరాలతో రాశాడు. ఎక్కడినుంచి: లాల్‌గడి మలక్‌పేట్. ఎక్కడికి: మేడ్చల్. వస్తువు: మోపెడ్ ఒకటి, ఖాళీ పెట్టె ఒకటి. చీటీని ఛైర్మన్ ముందుకు తోశాడు.

కృష్ణారావు కళ్లద్దాలు సర్దుకున్నాడు. “ఇదేమిటి? బండి మేడ్చల్‌దే కదా. లాల్‌గడి మలక్‌పేట్ నుంచి అని రాశావేం?”

“గిప్పుడు ఆడికెల్లే వచ్చింది సారూ. యాడికెల్లి వచ్చిందో గదే రాయాలె గద. తప్పుడు చీటీలు ఉండొద్దని పొద్దుగాల మీరే జెప్తిరి.” కలం మూత తీసి ఆయన చేతికిచ్చాడు. “తీసుకున్నోళ్లు కింద సంతకం వెట్టాలె. గిన్నేండ్లు నేను వెట్టిన. ఇయ్యాల మీరు వెట్టుండ్రి.”

శృతి చూస్తోంది. భాస్కర్ కూడా కిటికీనుంచి తల తిప్పి చూస్తున్నాడు. కృష్ణారావు కలం పట్టుకుని, చివరికి ‘లాల్‌గడి మలక్‌పేట్’ కింద సంతకం పెట్టాడు. ఓదెలు కార్బన్ కాపీ చింపుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగిలిన ముద్ర చీటీల కట్టను భాస్కర్ ఒళ్లోకి విసిరేసి, షామీర్‌పేట బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాడు.